దారిలో జారిన నాణెం

1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడ మన దేశానికి బయలుదేరింది. కెంట్ తీరానికి ఎదురుగా ఉన్న గుడ్విన్ శాండ్స్ ఇసుకతిన్నెల దగ్గర తుపానుకు చిక్కి మునిగిపోయింది. దాని కడుపులో టన్నులకొద్దీ రాగి నాణేలున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో చెలామణీ కోసం బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో ముద్రించిన 10, 20 కాసుల నాణేలవి. కోస్తా జిల్లాలూ దత్తమండలాలూ అప్పటికే ఆ ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి ఆ కాసులు చేరాల్సిన సంతల్లో మన సంతలూ ఉన్నాయి. 1980ల్లో ఈతగాళ్లు సముద్రం అడుగు నుంచి లక్షల్లో వాటిని వెలికితీశారు. ఎవరు ముద్రించారో, ఏ ఏడాదివో, ఏ ఓడ ఎక్కాయో అన్నీ రాసి ఉండబట్టి, నూట డెబ్భై ఏళ్లు నీళ్లలో ఉన్నా అవి ఊరూ పేరూ పోగొట్టుకోలేదు.

గత నెల దాకా నా దగ్గరున్న 20 కాసుల నాణెం ఆ ఓడలోదే. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇంకో పార్శిల్ గుర్తొచ్చేది. కొన్నేళ్ల కిందట ఒక కొరియర్ ద్వారా నాకు నాలుగు చార్మినార్ రూపాయలు రావాలి. హైదరాబాద్ నిజాం కాలం నాటి హాలీ సిక్కాలు, ఒక్కొక్కటి 11.18 గ్రాములు. కవరు వచ్చింది, సంతకం పెట్టాను, ఆత్రంగా చించాను. లోపల మడిచిన అట్టముక్కలు తప్ప ఏమీ లేవు. బుకింగ్ రసీదు మీద 90 గ్రాములని ఉంది. నా చేతికి వచ్చేసరికి ఎంత తూగిందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే తూచాల్సిన నేనే తూచలేదు. ఆ రూపాయలు తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఈ విషయం మీద చదివినదీ, తోటి సేకర్తల అనుభవాల్లో చూసినదీ ఒకచోట పెట్టాలని ఈ వ్యాసం. పోయిన నాణేన్ని వెనక్కి తెచ్చే పనిలో ముప్పాతిక వంతు అది పోకముందే, పార్శిల్ అంటించకముందే జరగాలన్నది నేను తేల్చుకున్న మాట.

ఎలా పోతుంది, ఎవరిది పోతుంది

'పార్శిల్ పోయింది' అని అందరం ఒకే మాట అంటాం గానీ అందులో కనీసం ఐదు రకాల నష్టాలున్నాయి. పార్శిల్ మొత్తం దారిలో ఎక్కడో ఆగిపోవడం ఒకటి. వేరే ఇంటికి చేరడం రెండోది. 'డెలివరీ అయింది' అని ఫోన్‌కు సందేశం వచ్చినా మన చేతికి అందకపోవడం మూడోది. కవరు చేరి లోపలి సరుకు మాయమవడం నాలుగోది. అవతలివాడు అసలు నాణెం పెట్టకుండానే పంపడం ఐదోది. మొదటి రెండింటిలో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. మూడు, నాలుగు రకాల్లో దొంగతనం ఉండొచ్చు. ఐదోది అసలు దారిలో జరిగిన నష్టం కాదు, అమ్మకంలో జరిగిన మోసం. ఏది జరిగిందో తేలకముందే కొరియర్ వాడి మీదో అమ్మినవాడి మీదో విరుచుకుపడితే, సాయపడాల్సిన మనిషే ఎదురు తిరుగుతాడు.

నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది తర్వాతి ప్రశ్న. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం అమ్మకందారు సరుకును రవాణాదారుకు అప్పగిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, కొనుగోలుదారుకు అప్పగించినట్టే లెక్క. చాలామంది సేకర్తలకు ఈ సంగతి తెలియదు. డబ్బు కట్టి ఎదురుచూస్తున్న మనిషే నష్టపోయిన మనిషి కావొచ్చన్నమాట. అదే చట్టం అమ్మకందారు మీదా ఒక బాధ్యత పెట్టింది. సరుకు స్వభావానికి తగినట్టుగా రవాణా ఒప్పందం చేసుకోవాలి. యాభై వేల రూపాయల నాణేన్ని మామూలు కవరులో పెట్టి, విలువ రాయకుండా పంపితే, అది తనకు అందినట్టు కాదని కొనుగోలుదారు అనవచ్చు. ఈ పేచీకి మందు ఒక్క వాక్యం. 'నాణెం మీ చేతికి అందేవరకు బాధ్యత నాది' అని అమ్మేవారి చేత, డబ్బు పంపకముందే వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి.

పోస్టాఫీసు ఎంతవరకు పూచీ

మన పెద్దలు విలువైనది పోస్టులో పంపాలంటే గుడ్డలో చుట్టి, కుట్టి, కుట్టు మీద లక్క ముద్రలు వేసి, విలువ రాసి ఇన్షూర్ చేసేవాళ్లు. అది ఉత్తి చాదస్తం కాదు. కరెన్సీ నోట్లు, బంగారు నాణేలు, బులియన్ పంపేటప్పుడు ఇన్షూర్ చేయాల్సిందేనన్నది తపాలా నిబంధనల్లో పాతకాలం నుంచీ ఉన్న నియమం. ఆ నియమం వెనుక పోస్టాఫీసు చట్టం ఉంది. ఇప్పుడు రద్దయిన 1898 చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం, పోయినా, ఆలస్యమైనా, పాడైనా, వేరొకరికి అందినా ప్రభుత్వానికి బాధ్యత లేదు, తాను ప్రత్యేకంగా ఒప్పుకున్న మేరకు తప్ప. ఉద్యోగి మోసంగానో ఉద్దేశపూర్వకంగానో చేసి ఉంటే మాత్రం ఆ ఉద్యోగి బాధ్యుడు. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టం 10వ సెక్షన్‌లో దాదాపు ఇదే మాట ఉంది. పాత చట్టంలో తపాలా ఉద్యోగి దొంగతనానికి విడిగా ఉన్న శిక్షలు కొత్త చట్టంలో లేవు. అటువంటి నేరానికి ఇప్పుడు సాధారణ శిక్షా చట్టమే దారి.

అందువల్ల ఇన్షూర్ చేయని స్పీడ్ పోస్టు పోతే వచ్చే పరిహారం చాలా చిన్నది. కట్టిన స్పీడ్ పోస్టు చార్జీకి రెట్టింపు, లేదా వెయ్యి రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. లోపల శాతవాహనుల సీసపు నాణెం ఉన్నా, విజయనగర వరహా ఉన్నా లెక్క మారదు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. రిజిస్ట్రేషన్‌నీ, ఓటీపీ చెప్తేనే అప్పగించే పద్ధతినీ అదనపు రుసుము మీద స్పీడ్ పోస్టుకే జోడించుకోవచ్చు. ఆ కొద్ది రూపాయలు ఆదా చేయాలనుకునే సేకర్తను చూస్తే నాకు బాధేస్తుంది. రిజిస్ట్రేషన్ చేస్తే చిరునామాదారుకే అందుతుంది, ఓటీపీ పెడితే 'ఎవరికిచ్చారో తెలియదు' అనే మాటకు తావుండదు, ఇన్షూరెన్స్ చేస్తే రాసిన విలువకు పూచీ వస్తుంది. మూడూ వేర్వేరు రక్షణలు, ఒకటి ఉందని మరొకటి వదలకూడదు.

కొరియర్ కాగితంలో చిన్న అక్షరాలు

ప్రైవేటు కొరియర్ల దగ్గర చిక్కు ఇంకో రకం. చాలా కంపెనీల నిబంధనల్లో నాణేలు, నగదు, బులియన్, నగలు, పురాతన వస్తువులు 'తీసుకోకూడని సరుకు' జాబితాలో ఉంటాయి. మనం రసీదు మీద 'డాక్యుమెంట్స్' అనో 'గిఫ్ట్' అనో రాయించి పంపేస్తాం. చేరితే పర్వాలేదు. పోతే, నిషేధించిన సరుకును దాచి పంపారన్న ఒక్క మాటతో కంపెనీ పక్కకు తప్పుకుంటుంది. అబద్ధం చెప్పి పంపిన పార్శిల్‌కు నిజం చెప్పి పరిహారం అడగలేం.

రసీదు వెనుక ముద్రించే పరిమితి ఇంకో అడ్డం. భారతి నిట్టింగ్ కంపెనీ వర్సెస్ డీహెచ్‌ఎల్ కేసులో 1996లో సుప్రీంకోర్టు, సంతకం చేసిన కన్‌సైన్‌మెంట్ నోటులో బాధ్యత 100 డాలర్లకే పరిమితమని ఉంటే దానికి కట్టుబడాల్సిందేనని చెప్పింది. తర్వాత వచ్చిన వివాదాల్లో, సంతకం లేని, చదివి వినిపించని చిన్న అక్షరాలు వినియోగదారుణ్ని కట్టేస్తాయా అన్న వాదన వినియోగదారుల ఫోరాల ముందుకు పదే పదే వస్తూనే ఉంది. ఒక్కో కేసు వాస్తవాల మీద ఒక్కోలా తేలే వ్యవహారం కాబట్టి, సంతకం పెట్టేముందు ఆ వెనుక పేజీ చదవడమే సేకర్త చేతిలో ఉన్న పని.

2007 నాటి రోడ్డు రవాణా చట్టం ఇంటి నుంచి ఇంటికి సరుకు చేర్చే కొరియర్ ఏజెన్సీని కూడా 'కామన్ క్యారియర్' నిర్వచనంలో చేర్చింది. ఇందులో మనకు అనుకూలమైనదీ ప్రతికూలమైనదీ రెండూ ఉన్నాయి. సరుకు పోయిందంటే క్యారియర్ నిర్లక్ష్యాన్ని మనం విడిగా నిరూపించనక్కర్లేదు, ఇది అనుకూలం. ఎక్కువ విలువ ప్రకటించి దానికి తగిన రేటు కట్టకపోతే పరిహారం కిరాయి లెక్కల్లోనే తిరుగుతుంది, ఇది ప్రతికూలం. దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. 'చూస్తున్నాం సార్, వచ్చేవారం చెప్తాం' అన్న ఫోన్ మాటలతోనే ఆ ఆరు నెలలు గడిచిపోయిన మిత్రులు నాకు తెలుసు.

నాణెం విలువ ఎంతని చెప్పాలి?

ఇదే అన్నిటికన్నా గట్టి ముడి. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్టీఆర్ శతజయంతి నాణెం మన ఇళ్లల్లో చాలామంది దగ్గర ఉంది. హైదరాబాద్ టంకశాలలో ముద్రించినది; 44 మిల్లీమీటర్ల వ్యాసం, సగం వెండి, 40 శాతం రాగి, మిగిలినది నికెలు, జింకు. ముఖం మీద రాసింది 100 రూపాయలు. టంకశాల అమ్మిన ధర వేలల్లో. దీన్ని ఒకరికి పంపుతుండగా పోయిందనుకుందాం. పోయింది వంద రూపాయలా, లోపలి వెండి విలువా, టంకశాల ధరా, ఇవాళ సేకర్తలిచ్చే ధరా? నాలుగు జవాబులూ నాలుగు రకాలు. పరిహారం ఇవ్వాల్సినవారు వీటిలో తక్కువదాన్నే పట్టుకుంటారు.

పాత నాణేల్లో ఈ తేడా ఇంకా పెద్దది. ఆరో జార్జి బొమ్మతో 1939లో ముద్రించిన వెండి రూపాయి ధర, పక్క సంవత్సరాల రూపాయల ధర కన్నా ఎన్నో రెట్లు. అందుకే దానికి నకిలీలూ ఎక్కువే. పోయింది 1939దేనని, అదీ అసలుదేనని చూపలేకపోతే మామూలు వెండి రూపాయి కింద లెక్కేస్తారు. విలువకు నిలిచే రుజువులు మూడు. కొన్న బిల్లు, బ్యాంకు ద్వారా కట్టిన సొమ్ము వివరం మొదటిది. పేరున్న వేలం సంస్థ అదే రకం నాణేన్ని అదే స్థితిలో అమ్మిన ధర రెండోది. గ్రేడింగ్ సంస్థ ధ్రువీకరణ మూడోది. అమెరికాలో 1986, 1987ల్లో మొదలైన పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు నాణేన్ని పరీక్షించి, నంబరు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. సేకర్తలు స్లాబ్ అనేది దాన్నే. ఆ నంబరు నాణేనికి ఆధార్ లాంటిది. నగదు ఇచ్చి, బిల్లు వద్దని కొన్న నాణేనికి ఈ మూడింటిలో ఏదీ ఉండదు.

బీమా: పేరు సముద్రానిది, పని రోడ్డు మీద

ఊళ్ల మధ్య రోడ్డు మీదా రైలు మీదా తిరిగే సరుకుకు చేసే బీమాను కూడా మన కంపెనీలు 'మెరైన్' విభాగంలోనే అమ్ముతాయి. 1963 నాటి మెరైన్ బీమా చట్టం దీనికి పునాది. తరచూ కొని అమ్మే వ్యాపారులకూ ప్రదర్శనలకు పెట్టెలు పంపే సంఘాలకూ ఇది సరిపోతుంది. పాలసీ తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. నాణేలు మినహాయింపుల్లో ఉన్నాయా? విలువ ముందే ఒప్పుకున్నదా, నష్టం జరిగాక లెక్కవేసేదా? ఏ రవాణాదారు ద్వారా పంపినా వర్తిస్తుందా? ప్యాకింగ్ చాలకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని ఇలాంటి పాలసీలు సాధారణంగా భరించవు. వదులుగా గలగలలాడే కవరు దొంగకు కబురు పంపడమే కాదు, బీమాను కూడా పోగొడుతుంది.

బీమా సొమ్ము అందాక పోయిన నాణెం మళ్లీ దొరికితే ఎవరిది? పరిహారం చెల్లించిన మేరకు హక్కులు బీమా కంపెనీకి మారతాయి. దీని మీద చెప్పుకోదగ్గ కథ ఎస్ఎస్ సెంట్రల్ అమెరికా ఓడది. కాలిఫోర్నియా బంగారు నాణేలతో, కడ్డీలతో 1857 సెప్టెంబరులో అది అమెరికా తూర్పు తీరం దగ్గర మునిగింది. బీమా కంపెనీలు అప్పుడే క్లెయిములు చెల్లించాయి. 1988లో అడుగున ఓడ దొరికింది. అంత పాత కాగితాలు చూపలేకపోయినా ఆ కంపెనీలు తమ హక్కును వదులుకున్నట్టు కాదని 1992లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. ఎక్కువ భాగం చివరికి వెలికితీసినవారికే దక్కినా, 130 ఏళ్ల నాటి చెల్లింపుకు కోర్టు విలువనిచ్చింది. మన సేకర్తకు ఇందులో ఉన్న పాఠం చిన్నది: క్లెయిము కాగితం మీద సంతకం పెట్టేముందు, నాణెం దొరికితే సొమ్ము తిరిగి కట్టి దాన్ని తీసుకునే వీలుందా అని అడిగి రాయించుకోవాలి. మన తాత ఇచ్చిన వరహా మళ్లీ దొరికి వేరొకరి వేలంలో కనపడితే కలిగే కష్టం డబ్బుతో తీరేది కాదు.

మొదటి మూడు రోజులు

పోయిందని అనుమానం రాగానే చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. పార్శిల్ వచ్చి ఖాళీగా ఉంటే కవరును, టేపును, లేబుల్‌ను పారేయకూడదు. ముట్టుకోకుండా పక్కన పెట్టి, తూచి, ఫొటోలు తీయాలి. ఇంకా తెరవని పార్శిల్ చిరిగినట్టో, కొత్త టేపు వేసినట్టో ఉంటే డెలివరీ మనిషి ముందే తెరవమనాలి. పోస్టాఫీసులో దీన్ని ఓపెన్ డెలివరీ అంటారు. వాళ్ల ముందే తూచి, తెరిచి, కనిపించింది కాగితం మీద రాసి సంతకాలు తీసుకుంటారు. కొరియర్ మనిషి ఒప్పుకోకపోతే 'చిరిగి ఉంది, తెరిచి చూడలేదు' అని రాసి సంతకం పెట్టాలి. ఉత్త సంతకం పెడితే సరుకు బాగానే అందిందని ఒప్పుకున్నట్టు చూపించే ప్రమాదం ఉంది.

ఆ రోజే రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. అందులో ఒక కోరిక తప్పనిసరిగా ఉండాలి: పార్శిల్ దాటిన ప్రతి కేంద్రంలోని సీసీటీవీ దృశ్యాలనూ, తూకం వివరాలనూ భద్రపరచమని. కెమెరా రికార్డు కొన్ని వారాలకే చెరిగి, దాని మీద కొత్తది ఎక్కుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లేలోపు బరువు తగ్గిందో తెలిస్తే, దొంగతనం జరిగిన గది దాదాపు తెలిసినట్టే. విదేశం నుంచి పోస్టులో వచ్చే పార్శిల్ అయితే, అంతర్జాతీయ తపాలా ఒప్పందం ప్రకారం, పోస్టు చేసిన మర్నాటి నుంచి ఆరు నెలల్లోపు విచారణ కోరాలి. దాన్ని మొదలుపెట్టాల్సింది సాధారణంగా పంపినవారే.

పోలీసు ఫిర్యాదు రెండో పని. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్, రవాణాదారు చేసిన నమ్మకద్రోహం 316లో భాగం, దొంగసొత్తు అని తెలిసి తీసుకోవడం 317. నేరం ఏ ఊళ్లో జరిగిందో తెలియకపోయినా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఫిర్యాదులో 'పాత నాణేలు పోయాయి' అని రాస్తే ఆ కాగితం ఎవరికీ పనికిరాదు. ఏ రాజుది, ఏ ఏడాది, ఏ టంకశాల, ఎన్ని గ్రాములు, ఎక్కడ గీత ఉంది, ఫొటో ఏది అన్నీ ఉండాలి. ఫోన్‌లో తీసిన వీడియోను కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందుకని అసలు ఫైలును అదే ఫోన్‌లో చెరపకుండా ఉంచాలి.

నాణేలు దొరికాక మరో సంగతి. అవి స్వాధీనం చేసుకున్న సొత్తును ఉంచే కోర్టు మాల్‌ఖానాలో ఏళ్లతరబడి తేమకు నల్లబడిపోతాయని చాలామంది ఆశ వదులుకుంటారు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, విలువైన వస్తువులను ఫొటోలు తీసి, పంచనామా రాసి, పూచీ మీద త్వరగా హక్కుదారుకు అప్పగించాలని చెప్పింది. ఆ తీర్పు పేరు చెప్పి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పరిహారం కోసమైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న ఊళ్లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ముందు రాజీ ప్రయత్నమూ చేయవచ్చు. వ్యాపారం కోసం సేవ తీసుకున్నవారు వినియోగదారు నిర్వచనంలోకి రారు కాబట్టి, డీలర్లకు సివిల్ కోర్టే దారి కావొచ్చు. ఈ గందరగోళంలో ఉన్నప్పుడే 'మీ పార్శిల్ దొరికింది, ఫీజు కట్టండి' అంటూ ఫోన్లు వస్తాయి. పాత నాణేల పేరుతో తన పేరు వాడి జరుగుతున్న మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఒకసారి పోగొట్టుకున్నవారినే రెండోసారి దోచుకోవడం సులువు. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

నూరేళ్లు దాటిన నాణెం

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రభుత్వమూ, అది అధికారమిచ్చిన సంస్థలూ తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. పొలంలో దున్నుతుంటే దొరికిన లంకెబిందెకు 1878 నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది, కలెక్టరుకు చెప్పితీరాలి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్లు నాన్నగారి సేకరణను పోస్టులో పంపమని అడగడం నేను చాలాసార్లు విన్నాను. వాళ్ల ప్రేమ నిజమైనదే. కానీ అలా పంపిన పార్శిల్ పోతే ఫిర్యాదు చేసే నోరు ఉండదు, ఫిర్యాదు చేయడమంటే మన తప్పును మనమే రాసివ్వడం. ఆ నాణేలు ఇక్కడే ఇంట్లోనో మ్యూజియంలోనో ఉంటే, సెలవులకు వచ్చిన మనవలు వాటిని చేత్తో పట్టుకుని చూడగలరు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం నాణేలూ, సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మింట్ మ్యూజియం కూడా వాళ్లకు చూపించవచ్చు.

దొరికినవీ దొరకనివీ

పోయిన నాణెం దొరకడానికి అదృష్టమొక్కటే కారణమా అని తెలుసుకోవడానికి మూడు దొంగతనాలను పక్కపక్కన పెట్టి చూశాను. 1967 అక్టోబరులో ఫ్లోరిడాలోని డుపాంట్ కుటుంబం ఇంట్లో దాదాపు 7,000 నాణేలను దుండగులు దోచుకున్నారు. వాటిలో అమెరికా సేకర్తలందరికీ తెలిసిన బ్రాషర్ డబ్లూన్, 1804 డాలరు ఉన్నాయి. డబ్లూన్ మరుసటి ఏడాదే దొరికింది. 1804 డాలరు 1980ల ఆరంభంలో తిరిగొచ్చింది. లోకంలో రెండే ఉన్నాయనుకునే 1866 నాటి ఒక డాలరు 2004లో ఒక డీలరు దగ్గరికి చేరి పట్టుబడింది. ముప్పై ఏడేళ్లు గడిచినా దానికి పేరుంది, ఫొటో ఉంది, చూసి గుర్తుపట్టే మనుషులున్నారు.

2017 మార్చిలో బెర్లిన్ బోడె మ్యూజియం నుంచి 100 కిలోల మేలిమి బంగారపు కెనడా నాణేన్ని ఎత్తుకెళ్లారు. దొంగలకు శిక్ష పడింది, నాణెం దొరకలేదు; ముక్కలు చేసి కరిగించి ఉంటారని భావిస్తున్నారు. 2023 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో ఒక పార్కింగ్ స్థలంలో రాత్రి ఆగి ఉన్న లారీ నుంచి ఇరవై లక్షలకు పైగా డైములు (పది సెంట్ల నాణేలు) పోయాయి. అవి టంకశాల నుంచి కొత్తగా వచ్చిన చిల్లర. ఒకదానికొకటి తేడా లేదు కాబట్టి చెలామణీలో కలిసిపోతే గుర్తుపట్టడం అసాధ్యం.

ఈ మూడింటినీ కలిపి చూస్తే లెక్క తేటగా కనపడుతుంది. నాణెంగా ఉన్న విలువ లోహం విలువ కన్నా ఎంత ఎక్కువైతే అంత కాలం అది ముక్కలు కాకుండా బతికి ఉంటుంది. దానికి విడిగా గుర్తు ఎంత స్పష్టంగా ఉంటే అంత త్వరగా బయటపడుతుంది. బంగారు నాణెం పోతే గంటల లెక్కన పరుగెత్తాలి, కొలిమి ఎదురుచూడదు. మన విద్ధాంక నాణేల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. చేత్తో కొట్టిన గుర్తులే వాటి వేలిముద్రలు. యంత్రం మీద ముద్రించిన చార్మినార్ రూపాయి అలా కాదు, లక్షల్లో ఒకటి. దాని అంచు మీది చిన్న నొక్కు, మీనార్ పక్కన ఉన్న గీత, వెనుక వైపు నలుపు ఇవన్నీ మనమే గమనించి, పెద్దగా కనపడేలా ఫొటో తీసి పెట్టుకోవాలి.

నాణెం చేతులు మారే చోట కూర్చున్న మనమే చివరి కాపలాదారులం. దొంగ నాణెం చివరికి ఎవరో ఒక సేకర్త దగ్గరకే అమ్మకానికి వస్తుంది. 'ఎక్కడిది?' అని అడిగితే తడబడే మనిషి దగ్గర చవకగా వస్తోందని కొంటే, నా అట్టముక్కల పార్శిల్‌ను మనమే ఇంకొకరికి పంపించినట్టు. ఎక్కడ ఏ నాణెం పోయిందో, మన సంఘాల్లో ఫొటోతో సహా అదే రోజు అందరికీ తెలియాలి.

పార్శిల్ అంటించే ముందు

1958 నవంబరులో న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ హోప్ వజ్రాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి పోస్టులో పంపాడు. మన కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో పుట్టిందని భావించే రాయి అది. పోస్టేజీ 2 డాలర్ల 44 సెంట్లు, బీమాతో కలిపి మొత్తం 145 డాలర్ల 29 సెంట్లు. అంటే ఖర్చు దాదాపు అంతా బీమాకే. అంతటి రాయిని రిజిస్టర్డ్ పోస్టుకు అప్పగించడానికి కారణం ఆ పద్ధతి. పార్శిల్ చేతులు మారిన ప్రతిచోటా తీసుకున్నవారు సంతకం పెడతారు. ఎవరి చేతిలో ఉండగా పోయిందో చెప్పగలిగే పార్శిల్ మీద చెయ్యి వేయడానికి దొంగ జంకుతాడు.

మనం చేయగలిగింది కూడా అదే పద్ధతిలో ఉంది. నాణేన్ని విడిగా తూచి, రెండు వైపులా, అంచూ ఫొటో తీయాలి. పీవీసీ లేని హోల్డరులో పెట్టాలి, పీవీసీ ప్లాస్టిక్ నాణెం మీద ఆకుపచ్చటి జిగురు వదులుతుంది. గలగలలాడకుండా అట్టల మధ్య బిగించి, పెట్టెలో పెట్టె వేయాలి. టేపు అతుకుల మీద సంతకం చేయాలి. కవరు మీద నాణెం అన్న మాట గానీ, నాణేల వ్యాపారి పేరు గానీ ఉండకూడదు. మొత్తం తూకం ఇంట్లో తూచి, కౌంటరు దగ్గర పడిన తూకంతో సరిచూసి, రసీదు ఫొటో అవతలివారికి పంపాలి. అందుకున్నవారు లేబుల్ చూపిస్తూ, ముందు తూచి, తర్వాత తెరుస్తూ ఆపకుండా వీడియో తీయాలి. ఇదంతా చేసినా పావుగంట పని.

గత నెలలో నా 20 కాసుల నాణేన్ని నెల్లూరులో ఉన్న ఒక యువ సేకర్తకు ఇచ్చేశాను. రెండు వందల ఏళ్లు దాటినా మన దేశంలోనే చేతులు మారుతోంది కాబట్టి చట్టానికి అడ్డం లేదు. నోటుబుక్కులో రాసుకున్నాను: అడ్మిరల్ గార్డ్‌నర్, 1808, నాణెం 9.2 గ్రాములు, సింహం కాలి కింద ఉప్పు తిన్న గుంట, పార్శిల్ 64 గ్రాములు, ఇన్షూర్ చేసింది. నాలుగో రోజు ఉదయం ఆ కుర్రాడి నుంచి వీడియో వచ్చింది. కాటా మీద పార్శిల్ పెట్టాడు. అంకె నిలబడేదాకా ఆగి, 'అరవై నాలుగే ఉంది మాస్టారూ, తెరుస్తున్నా' అన్నాడు.